రెండోసారి అడుగుతారని

బాలింకాలిగ్‌లో కొత్తగా కట్టిన ఇళ్ల తలుపులకు ఉత్తరాలు వేసే సందు ఒకటి ఉంటుంది. దానంత మొండిది ఇంకోటి లేదు. బయట స్ప్రింగు రేకు, లోపల బ్రష్షులాంటి కుచ్చులు. కరపత్రం సగం దూరగానే ముడుచుకుపోతుంది. వేళ్లతో నెడదామంటే అవతల కుక్క కాచుకుని ఉందో లేదో తెలియదు. పార్టీలో పాతవాళ్లు ఇందుకోసం చెక్క గరిటెలు పట్టుకొస్తారు. వసంత మాత్రం ఇంట్లోంచి అట్లకాడ తెచ్చుకుంటుంది. కరపత్రాన్ని దాని మీద మడిచి, ఎడమచేత్తో రేకు ఎత్తి, అట్టు తిరగేసినంత సులువుగా లోపలికి జార్చి, చప్పుడు కాకుండా రేకు దించుతుంది. వీధికి అవతలి పక్క నుంచి మొరీన్ రెండిళ్లు పూర్తి చేసేసరికి వసంత నాలుగిళ్లు ముగించి గేటు దగ్గర నిలబడి ఉంటుంది.

మొరీన్ పార్టీ స్థానిక శాఖకు కార్యదర్శి. టీచరుగా రిటైరయింది. మీటింగుకు హాలు తాళాలు తెచ్చేదీ, కుర్చీలు వేసేదీ, కెటిల్ పెట్టేదీ, చివర్లో కప్పులు కడిగేదీ ఆవిడే. కప్పులు కడిగే పనిలో కొన్నేళ్లుగా వసంత తోడయింది. బస్‌స్టాపుకు పైకప్పు వేయించమని కౌన్సిలరు డెనిస్‌ను అడగడానికి వెళ్లిన మనిషి, ఆ స్టాపుకు పైకప్పు పడ్డాక కూడా ఇంటికి రాకుండా పార్టీలోనే ఉండిపోయింది. అలా అని భర్త యుగంధర్ వసంతను ఏడిపిస్తుంటాడు.

ఆ ఆదివారం వీధి చివరికి వచ్చేసరికి వాన పట్టుకుంది. ఇద్దరూ వసంత ఇంటికి చేరారు. టీ పెట్టనా అని వసంత అడిగితే మొరీన్ వద్దంది. కొంచెం తాగండి అంటే, ఎందుకమ్మా నీకు శ్రమ అంది. అల్లం కూడా దంచేశానంటే, సరే అయితే ఒక్క చుక్క అని కూర్చుని రెండు కప్పులు తాగింది. ఎప్పుడూ ఇదే వరస. ఈ దేశం వచ్చిన కొత్తలో వసంతకు అన్నిటికంటే ముందు అర్థమైన మర్యాద ఇదే. వాళ్ల మండపేట పెళ్లి పంక్తుల్లో విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి చాలు చాలంటే, వడ్డించేవాడు వేళ్ల సందుల్లోంచి నెయ్యి పోస్తాడు. మొదటి చాలుకే ఆగిపోయినవాణ్ణి పిసినారి అంటారు. ఇక్కడి ముసలమ్మలూ అచ్చం అంతే. అందుకే మొరీన్ వంటింట్లో కూర్చుంటే వసంతకు ఎవరో పిన్నిగారు వచ్చినట్టుంటుంది.

మొరీన్ రెండో కప్పు సగంలో ఉండగా విషయానికి వచ్చింది. వచ్చే వేసవిలో కౌన్సిల్ ఎన్నికలు. ఇక్కడ పార్టీ ఇద్దర్ని నిలబెడుతుంది. ఒకరు డెనిస్. రెండోది స్త్రీ అయితే బాగుంటుందని, బయటి దేశాల నుంచి వచ్చి స్థిరపడినవాళ్లను కూడా అడిగి చూడమని హెడ్ ఆఫీసు నుంచి చెప్పారట. శనివారం మీటింగులో పేర్లు తేలుస్తారు. ఇదంతా చెప్పి, వసంతను కాకుండా కప్పును చూస్తూ అడిగింది. "నీ పేరు పెట్టమంటావా, వసంతా?"

ఈ మాట కోసం వసంత ఎన్నాళ్లుగా ఎదురుచూస్తోందో ఆమెకే తెలుసు. రింగాస్కిడీలో తను పనిచేసే మందుల ఫ్యాక్టరీకి కారు నడుపుతూ ఎన్ని పొద్దుటిపూటలు తనలో తనే ఉపన్యాసాలిచ్చుకుందో. ఏ ఇళ్ల ఎస్టేటులో వీధిలైట్లు వెలగవో, ఏ మలుపులో పిల్లలు రోడ్డు దాటలేరో, ఏ ఇంట్లో అద్దె పెంచితే మూడు కుటుంబాలు ఒకే కప్పు కిందికి చేరాయో, తలుపు తలుపూ తిరిగిన మనిషి. కావాలి, ఎంతో కావాలి. నోరు తెరిచింది.

"అయ్యో, నేనా? నాకెక్కడండీ. నాకంటే మంచివాళ్లు ఎంతమంది లేరు," అంది.

అన్నది ఇంగ్లీషులోనే, ఆ 'అయ్యో' ఒక్కటీ తప్ప. సిగ్గుతో ముఖం వేడెక్కింది. రెండోసారి అడుగుతుందని చెంచాతో చక్కెర కలుపుతూ కూర్చుంది. రెండోసారికి కాస్త తగ్గి, మూడోసారికి 'మీరంతగా అంటుంటే సరే' అనాలి. అదీ పద్ధతి.

మొరీన్ కప్పు కింద పెట్టింది. "గ్రాండ్, అయితే," అంది, ఇక్కడివాళ్లు సరేననడానికి వాడే మాటతో. "అడగాలి కదా అని అడిగాను." లేచి కోటు అందుకుంది. వసంత గుమ్మం దాకా వెళ్లింది. గుమ్మంలో మొరీన్ వెనక్కి తిరిగింది. వసంత ఒక అడుగు ముందుకేసింది. గొడుగు మరిచిపోయిందట, అంతే.

సాయంత్రం చిక్కుడుకాయలు తుంచుతూ యుగంధర్ ఇదంతా విని పడీ పడీ నవ్వాడు. అడగందే అమ్మైనా పెట్టదంటారు, అడిగి పెడుతుంటే చెయ్యి అడ్డం పెట్టినదాన్ని నిన్నే చూశానన్నాడు. వసంతకు నవ్వు రాలేదు. కూతురు చరిత ఫోనులోంచి తలెత్తి, అర్థం కాని లెక్క చూసినట్టు తల్లిని చూసింది.

"బట్ యూ సెడ్ నో, మామ్."

"అది అలాంటి నో కాదే."

"హౌ వుడ్ షీ నో దట్?"

ఇక్కడ పుట్టిన పిల్లకు ఏం చెప్పాలి? వద్దంటే వద్దనే అర్థమని బళ్లో నేర్పారు. మంచి విషయమే నేర్పారు. వసంత కూడా కూతురికి అదే చెప్పింది, కొన్ని విషయాల్లో. కానీ విస్తరి ముందు వద్దు వేరు. "మొరీన్‌కి తెలుసు," అంది వసంత. "రెండోసారి అడుగుతుంది చూడు."

పోనీ నువ్వే ఫోన్ చేసి చెప్పెయ్యి అన్నాడు యుగంధర్, ఈసారి నవ్వకుండా. తనంతట తనే ఫోన్ చేసి నాకు కావాలి అని ఎలా అడుగుతారని వసంత అతని మీద కసిరింది. మొహమాటానికి పోతే ఏదో అయిందని సామెత. ఈవిడ మొహమాటానికి పోతే ఏమీ కాకుండా పోయేట్టుందని అతను చిక్కుడుకాయల గిన్నెతో చెప్పుకున్నాడు.

వసంత పని ఫ్యాక్టరీలో మందు నింపే గదుల్లోకి వెళ్లి గాలిలో, గోడల మీద, మనుషుల చేతి తొడుగుల మీద సూక్ష్మజీవులున్నాయేమో చూడటం. ఆ గదిలోకి వెళ్లాలంటే ముందు పెళ్లికూతురి అలంకరణంత తతంగం. జుట్టుకు వల, దాని మీద ముసుగు, కళ్లద్దాలు, ఒంటి మీద తెల్లటి తొడుగు, చేతులకు రెండు జతల గ్లవ్స్. తొడుగు వేసుకునేటప్పుడు దాని అంచు నేలకు తగలకూడదు. దాని చేతుల భాగాన్నీ కాళ్ల భాగాన్నీ గుప్పిట్లో పోగుచేసి పట్టుకుని, ఒక్కో కాలూ మెల్లగా దూర్చాలి. కొత్తగా చేరినవాళ్లకు ఇది నేర్పేది వసంతే. ఫోను లోపలికి తీసుకెళ్లనివ్వరు. సోమవారం, మంగళవారం బయటికి వచ్చిన ప్రతిసారీ గ్లవ్స్ సరిగా తియ్యకముందే లాకరు తెరిచి ఫోను చూసింది. బుధవారం మొరీన్ గుర్తొచ్చి గుప్పిట వదులైంది. తొడుగు చెయ్యి జారి నేలకు తగిలింది. పక్కనున్న కొత్త పిల్ల చూసి చూడనట్టు ముఖం తిప్పుకుంది. వసంత దాన్ని విప్పి, చెత్తలో వేసి, ఇంకోటి తీసుకుని మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టింది.

ఆ మధ్యాహ్నమే ఫోనులో మొరీన్ చేసిన కాల్ కనిపించింది. వసంత తిండి మాట మరిచిపోయి కారు పార్కులోకి పరుగెత్తి తిరిగి ఫోన్ చేసింది. అవతల రేవులో ఓడ ఒకటి లారీలను మింగుతోంది. గాలికి చెవిలో మాట వినపడక కార్లో కూర్చుని తలుపేసుకుంది.

మొరీన్ శనివారం మీటింగు గురించే చేసింది. పోయినసారి వసంత తెచ్చిన సమోసాలను అందరూ ఇంకా తలుచుకుంటున్నారట. ఈసారీ తెస్తుందా? తప్పకుండా తెస్తానంది వసంత. మండపేటలో వాళ్లింట్లో జన్మలో సమోసా చేసి ఎరగరు. పార్టీలో చేరిన ఏడాది క్రిస్మస్‌కు పూర్ణం బూరెలు చేసి పట్టుకెళితే మర్యాదకు ఒక్కొక్కటి కొరికి నాప్‌కిన్ల కింద దాచారు. ఆ తర్వాతి మీటింగుకు ఇండియన్ షాపులో దొరికే గడ్డకట్టిన సమోసాల పెట్టె తెచ్చి వేయించి పెట్టింది. అప్పట్నుంచి అవి వసంత సమోసాలు.

"ఇంకేమైనా ఉందా, మొరీన్?" అని అడిగింది.

ఇంకేం లేదంది మొరీన్.

"మొన్నటి సంగతి..." వసంత గొంతు తగ్గింది.

"ఏ సంగతి?" అంది మొరీన్.

"ఏం లేదండీ. సమోసాలు ఎన్ని తెమ్మంటారో అని."

ఫోను పెట్టేశాక తన మీద తనకు అసహ్యం వేసింది. మూడు ముక్కల మాట. నాకు నిలబడాలని ఉంది. గుండెల్లో ఉన్నది నాలుక మీదికి రావడానికి ఎన్ని గోడలో. అయినా ఆశ చావలేదు. పెద్దమనిషి, ఫోనులో అడగడం బాగోదనుకుందేమో. మీటింగులో నలుగురి ముందూ అడుగుతుందేమో.

శనివారం మధ్యాహ్నం హర్లింగ్ ఆడేవాళ్ల క్లబ్బు హాల్లో మీటింగు. సమోసాల ట్రేలు ఒకటి వసంత చేతుల్లో, ఒకటి సుధేష్ణ చేతుల్లో. సుధేష్ణ పక్క ఎస్టేటులో ఉంటుంది. కరీంనగర్ పిల్ల, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. డబ్లిన్ పక్కనున్న సిటీవెస్ట్ నుంచి మారి వచ్చిన కొత్తలో ఎవరూ తెలియక ఇంట్లో ముడుచుకుని కూర్చుంటే, వసంతే కరపత్రాలు పంచడానికి లాక్కెళ్లి, మన గురించి మనం మాట్లాడకపోతే ఎవరు మాట్లాడతారని నెల రోజులు నచ్చజెప్పి పార్టీలో చేర్పించింది. దారిలో వసంత ఆదివారం జరిగింది చెప్పింది. మరి ఇయ్యాల అడిగితే ఔననాలె అక్కా అని సుధేష్ణ తేల్చేసింది. వసంత మంచి చీర కట్టుకుని, పైన కోటు గుండీలు పెట్టకుండా వచ్చింది. అందరూ చూడాలని కాదు, చూస్తే బాగుంటుందని.

డెనిస్ లేచి మాట్లాడాడు. మాటకారి. చెడ్డవాడేం కాదు. చావుకీ పెళ్లికీ అందరిళ్లకూ వెళతాడు. రోడ్ల గురించీ ఇళ్ల కరువు గురించీ చెప్పి, గొంతు మార్చాడు. బయటి నుంచి వచ్చినవాళ్లకు ఈ పార్టీ తలుపు బార్లా తెరిచిందన్నాడు. ఈసారి మనలోని ఒక ఆణిముత్యాన్ని ఇంటికి వెళ్లి మరీ అడిగామన్నాడు. "ఇంటి బాధ్యతల వల్ల ఆవిడ కుదరదన్నారు. ఆవిడ నిర్ణయాన్ని మనం గౌరవించాలి." చెయ్యి చాపి వసంతను చూపించాడు. తలలన్నీ తిరిగాయి. చప్పట్లు మోగాయి.

వసంత నవ్వింది. నవ్వుతూనే ఉంది. ఇంటి బాధ్యతలని తను ఎప్పుడంది? ఎవరో ఆ వద్దుకు ఒక కారణం కుట్టి, మడత పెట్టి, తయారుగా ఉంచుకున్నారు. మొరీన్ వైపు చూసింది. మొరీన్ కెటిల్ దగ్గర వెనక్కి తిరిగి కప్పులు పేర్చుకుంటోంది.

తర్వాత ఈఫా అనే అమ్మాయి పేరు చెప్పారు. లాయరు. డెనిస్ పాత స్నేహితుడి కూతురు, ఈ ఎండాకాలమే డబ్లిన్ నుంచి తిరిగి వచ్చి పార్టీలో చేరింది. బాగానే మాట్లాడింది. ఇందాక సమోసా ట్రేలు లోపలికి తెచ్చేటప్పుడు తలుపు తెరిచి పట్టుకున్నది కూడా ఆ పిల్లే. కోపం తెచ్చుకోవడానికి కూడా వీల్లేని మనిషి. అధ్యక్షుడు పద్ధతి ప్రకారం లేచి, ఇంకెవరి పేరైనా చెప్పదలిస్తే ఇప్పుడే చెప్పమన్నాడు. ఆ ప్రశ్న హాలంతటినీ అడిగాడు. అంటే ఎవర్నీ అడగలేదు. అతని చూపు వెనక గోడ మీద ఉంది.

సుధేష్ణ మోచేత్తో పొడిచింది. "అక్కా, నీ పేరు నేను చెప్త," అంది. చెయ్యి లేపబోయింది.

వసంత ఆ మణికట్టు పట్టుకుంది. గట్టిగా పట్టుకుని ఒళ్లోకి దించింది. ఎందుకని తర్వాత ఎన్నిసార్లు తనని తాను ప్రశ్నించుకుందో. అప్పుడు మాత్రం ఒక్కటే కనిపించింది. ఇప్పుడే ఆవిడ కాదన్నారని డెనిస్ నలుగురి ముందూ చెప్పి చప్పట్లు కొట్టించాడు. ఇప్పుడు తన పేరు లేస్తే అతని ముఖం ఏమైపోతుంది? ఆ పెద్దమనిషి పరువు కాపాడమని వసంతను ఎవరూ అడగలేదు. అయినా కాపాడింది. సుధేష్ణ చెయ్యి ఆమె గుప్పిట్లో ఒకసారి గింజుకుని ఊరుకుంది. ఎవరూ లేరు కాబట్టి, అన్నాడు అధ్యక్షుడు.

సమోసాలు చిటికెలో అయిపోయాయి. అందరూ వచ్చి మెచ్చుకున్నారు. సుధేష్ణ ఒక్కటీ తినకుండా బస్సుందని వెళ్లిపోయింది.

ఖాళీ ట్రేలతో వసంతను మొరీన్ తన కార్లో ఎక్కించుకుంది. ఎస్టేటు లోపలికి వచ్చేదాకా వాన గురించి మాట్లాడింది. వసంత ఇంటి ముందు కారు ఆపి, ఇంజను ఆపకుండా, స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. ఇంటి బాధ్యతలన్న మాట తను చెప్పలేదంది. వద్దందని మాత్రమే చెప్పిందట. మిగతాది వాళ్లే కలుపుకున్నారట.

"నన్నూ అడిగారు, ఒకప్పుడు," అంది మొరీన్. "మా వంటింట్లోనే. మా ఆయన బతికున్న రోజుల్లో. మంచి కప్పులు తీశాను. అయ్యో, నేనేమిటి, పిల్లల్నెవరు చూస్తారు అన్నాను. మళ్లీ వస్తారని ఆ వారమంతా రోజూ కేకు చేశాను."

వసంతకు జాలి ముందు వచ్చింది. దాని వెనకే ఇంకోటి వచ్చింది. "అయితే ఆదివారం నేనన్నది ఎలాంటి వద్దో మీకు తెలుసు," అంది.

"తెలుసు."

"మరి మళ్లీ ఎందుకు అడగలేదు?"

మొరీన్ కళ్లు తుడుచుకోలేదు. తడి అలాగే వదిలేసింది. "నిన్ను అడగమన్నారు, వసంతా. ఒప్పించి రమ్మనలేదు. నువ్వు వద్దనగానే, దేవుడు నన్ను క్షమించాలి, హమ్మయ్య అనుకున్నాను."

వైపర్లు అద్దం మీద అటూ ఇటూ తిరిగాయి. ఇన్నేళ్లు పక్కపక్కన నిలబడి కప్పులు కడిగిన మనిషి. అదే మర్యాద, అదే మొహమాటం, అదే నొప్పి. ఇవన్నీ తెలిసిన మనిషే తలుపు మూసేసింది. తెలియనివాళ్లు చేసి ఉంటే వసంతకు ఇంత బాధ ఉండేది కాదు. ట్రేలు తీసుకుని దిగింది. తలుపు మెల్లగానే వేసింది, గట్టిగా వెయ్యడం కూడా చేతకాక.

లోపల యుగంధర్ ఆమె ముఖం చూసి అన్నం కలిపి కంచం చేతికిచ్చాడు. చరిత వచ్చి పక్కన కూర్చుని, "డిడ్ షీ ఆస్క్ అగెయిన్?" అంది. లేదని వసంత తలూపింది. ఆ పిల్ల ఈసారి వాదించలేదు. తల్లి భుజానికి తల ఆనించింది.

ఆదివారం పొద్దున మిగిలిన వీధుల్లో కరపత్రాలు వెయ్యాలి. వసంత బ్యాగు తీయలేదు. సుధేష్ణకు ఫోన్ చేసింది. రాత్రంతా ఒక మాట తయారుచేసుకుంది. తనకు పోయింది పోయింది. ఇంకో ఎన్నిక వస్తుంది. అప్పటికి ఈ పిల్ల పేరు తను లేచి చెబుతుంది, ఎవరి ముఖం ఏమైపోయినా సరే. ఆ మాటే చెప్పింది.

"వద్దక్కా," అంది సుధేష్ణ.

వసంతకు ఆ మాట వినగానే పోయిన ప్రాణం లేచి వచ్చింది. ఈ వద్దు సంగతి ఆమెకు తెలుసు. అది విని ఆగిపోయే పాపం తను చెయ్యదు. "అలా అనకమ్మా," అంది ప్రేమగా. "నీకంటే తగినవాళ్లు ఎవరున్నారు? మళ్లీ అడుగుతున్నాను. నువ్వు ఔననేదాకా అడుగుతాను."

"అక్కా, నేను ఉట్టిగ అంటలేను. నిజంగనే వద్దు. పార్టీ కూడా వద్దు. నిన్ననే అనుకున్న."

"నా మీద కోపమా? నా పేరు నేను పోగొట్టుకున్నాను, నిన్నేం అన్నాను?"

సుధేష్ణ కోపంగా మాట్లాడలేదు. అలసిపోయినట్టు మాట్లాడింది. "నీ పేరు సంగతి కాదక్కా. ఆల్లందరి ముంగట నేను మొదటిసారి చెయ్యి లేపిన. నువ్వు పట్టుకొని దించింది నీ చెయ్యి కాదు, నాది."

వసంత మూడోసారి అడగలేదు.